గుంటూరులో కూర్చుని పల్నాటి కొండల్లో మారిన ఖనిజాల పటం గీయడం ఎలా

ఉపగ్రహం నేల లోపలున్న సీసాన్ని గానీ రాగిని గానీ చూడలేదు. అది చూసేది రాతి పైపొరనే, అదీ వెంట్రుకవాసి మందమే. అయినా ఖనిజాన్వేషణలో దీన్ని వాడటానికి కారణం ఉంది. లోహాన్ని మోసుకొచ్చిన వేడి ద్రవాలు దారిపొడవునా రాతిని మార్చేస్తాయి. ఫెల్‌స్పార్ బంకమన్నుగానో సన్నటి అభ్రకంగానో మారుతుంది. నల్లటి ఖనిజాలు క్లోరైట్ అవుతాయి. పైరైట్ గాలికీ వానకీ తుప్పుపట్టి ఎర్రటి, పసుపుపచ్చని ఇనుప ఆక్సైడు అవుతుంది. ఈ మారిన ఖనిజాలు అసలు ముడి ఖనిజం కన్నా ఎన్నో రెట్లు విశాలంగా పరుచుకుని ఉంటాయి. మనం వెతికేది వాటినే.

పాఠాల్లో చూపించే ఉదాహరణలు ఎక్కువగా అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఉన్న క్యూప్రైట్ వంటి ఎడారి కొండలవి. అక్కడ చెట్టూ చేమా ఉండదు, రాయి బయటే ఉంటుంది. మన పల్నాడు అలా కాదు. చిట్టడవి, మిరప చేలు, నల్లరేగడి, ఇటుక బట్టీలు, సున్నపురాయి క్వారీలు అన్నీ కలిసి ఉంటాయి. అందుకే ఇక్కడ సూత్రాలు వేయడం గంట పని, కానివాటిని ఏరి పారేయడం వారం పని. ఈ వ్యాసంలో కూడా ఎక్కువ చోటు ఆ రెండో పనికే ఇస్తున్నాం.

ముందు తేల్చుకోవాల్సింది: దేనికోసం వెతుకుతున్నారు?

కంప్యూటర్ తెరవక ముందే ఈ ప్రశ్నకు జవాబు రాసుకోండి. ఆండీస్ పర్వతాల్లోని రాగి గనుల చుట్టూ సెరిసైట్ (సన్నటి అభ్రకం), కయొలినైట్ (తెల్ల బంకమన్ను), క్లోరైట్-ఎపిడోట్ (ఆకుపచ్చ ఖనిజాలు) మండలాలు ఒకదాని వెలుపల ఒకటి ఉంటాయి. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలన్నీ ఆ వలయాలను పట్టుకోవడానికి రాసినవే. పల్నాడు జిల్లా ఈపూరు మండలంలోని అగ్నిగుండాల పట్టీ ఆ రకం కాదు. బండలమొట్టులో మూతపడిన సీసం గని డోలమైటు రాతిలోది, అంటే మెగ్నీషియం కలిసిన సున్నపురాయి వంటి రాతిలోది. పక్కనే నల్లకొండలో రాగి, ధూకొండలో రాగి-సీసం ఉన్నాయి. ఇదంతా కడప బేసిన్ తూర్పు అంచున, నల్లమల మడతల పట్టీలో భాగం. ఇక్కడ వలయాల కోసం వెతికితే ఏమీ కనిపించదు, లేదా కనిపించకూడనివి కనిపిస్తాయి. ఇక్కడ అడగాల్సిన ప్రశ్నలు వేరు: డోలమైటు ఎక్కడుంది, దానిపై ఇనుప తుప్పు ఎక్కడ పేరుకుంది, సిలికా ఎక్కడ చొరబడింది, పగుళ్లు ఎటు పోతున్నాయి.

ఒక్క ప్రాంతం చాలదు, రెండు తీసుకోండి. మొదటిది అగ్నిగుండాల చుట్టూ 25 × 25 కిలోమీటర్ల చదరం. రెండోది మంగళగిరి కొండ నుంచి బెజవాడ ఇంద్రకీలాద్రి దాకా ఉన్న ఖోండలైట్ అనే రాతి గుట్టలు. ఈ రెండో చోట లోహం కోసం ఎవరూ వెతకడం లేదు. మీ పద్ధతి లేనిదాన్ని ఉందని చెబుతోందా అన్నది అక్కడే తెలుస్తుంది. ఖోండలైటులోని ఫెల్‌స్పార్ వానలకే కుళ్లి కయొలినైట్ అవుతుంది, గార్నెట్ ఇనుప ఆక్సైడుగా మారుతుంది. కాబట్టి ఇంద్రకీలాద్రి మీద బంకమన్ను, ఇనుము రెండూ బ్రహ్మాండంగా వెలుగుతాయి. వేడి ద్రవాలకూ దానికీ సంబంధం లేదు. అక్కడ వచ్చిన విలువలు రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

చిత్రాలు ఎక్కడివి, ఏ తేదీలవి

రెండు ఉపగ్రహాల చిత్రాలు చాలు. రెండూ ఉచితమే.

సెంటినెల్-2 చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్‌లో దొరుకుతాయి. ఖాతా తెరిచి లెవెల్-2ఏ రకాన్ని ఎంచుకోండి, అంటే గాలి ప్రభావం తీసేసినది. వాటిలో ఒక్కో రకం వెలుతురుకు ఒక్కో పొర ఉంటుంది, దాన్నే బ్యాండు అంటారు. బి2 (నీలం), బి3, బి4 (ఎరుపు), బి8 బ్యాండ్లు 10 మీటర్ల పిక్సెల్‌తోనూ, మనకు ముఖ్యమైన బి8ఏ, బి11, బి12 బ్యాండ్లు 20 మీటర్లతోనూ వస్తాయి.

ఆస్టర్ చిత్రాలు నాసా ఎర్త్‌డేటా సెర్చ్‌లో ఉంటాయి. ఖనిజాల పనికి దీనికున్న విలువ ఇంకా తగ్గలేదు, ఎందుకంటే కంటికి కనిపించని షార్ట్‌వేవ్ పరారుణ వెలుతురులో, 1.6 నుంచి 2.43 మైక్రాన్ల మధ్య దీనికి ఆరు బ్యాండ్లున్నాయి. సెంటినెల్‌కు అక్కడ రెండే. కానీ ఆ ఆరు బ్యాండ్లు 2008 ఏప్రిల్‌లో పాడయ్యాయి. అందుకని 2000 నుంచి 2006 మధ్య తీసిన చిత్రాలే వెతకండి. కొత్త తేదీ చిత్రం తెరిస్తే షార్ట్‌వేవ్ బ్యాండ్లు పనికిరాకుండా, చారలు చారలుగా ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అది తమ కంప్యూటర్ లోపమనుకుని రోజులు పోగొట్టుకుంటారు. ఆర్డరు పెట్టేటప్పుడు 'ఏఎస్‌టీ 07 ఎక్స్‌టీ' రకాన్నే అడగండి. ఆస్టర్‌లో నాలుగో బ్యాండు వెలుతురు పక్కనున్న ఐదు, తొమ్మిది బ్యాండ్లలోకి కారుతుంది. ఈ రకంలో దాన్ని సరిచేసి ఇస్తారు. సరిచేయని చిత్రంతో వేసిన కయొలినైట్ పటాన్ని నమ్మడానికి లేదు.

తేదీల విషయంలో మన వాతావరణాన్ని బట్టి నడవాలి. ఫిబ్రవరి చివరి నుంచి మే మధ్య దాకా మంచి కాలం. అప్పటికి కొండల మీద ఆకు రాలిపోయి ఉంటుంది, మబ్బు తక్కువ. అకాల వర్షం పడిన వారంలోపు తీసిన చిత్రం వద్దు. తడిసిన నేల షార్ట్‌వేవ్ వెలుతురును మింగేసి ఖనిజాల తేడాలను చెరిపేస్తుంది. ఒకే చిత్రంతో సరిపెట్టుకోకుండా వేరువేరు సంవత్సరాలవి కనీసం రెండు వేసవి చిత్రాలు, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా దొరికే సెంటినెల్ చిత్రాలు దించుకోండి. ఈ రెండో రకం ఖనిజాల కోసం కాదు, పంట పొలాలను పట్టుకోవడానికి.

లెక్కకు సిద్ధం చేయడం

క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్ చాలు, 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. గూగుల్ ఎర్త్ ఇంజిన్ వాడటం వచ్చినవాళ్లు అందులోనే చేసుకోవచ్చు.

మొదట బ్యాండ్లన్నిటినీ 20 మీటర్లకు తెచ్చి ఒకే కొలతలో కత్తిరించండి. బి2, బి4, బి8లను మార్చేటప్పుడు సగటు పద్ధతి ఎంచుకోండి. దగ్గరి పిక్సెల్ పద్ధతి ఎంచుకుంటే నాలుగు పిక్సెళ్లలో ఒకదాని విలువే మిగిలి, మచ్చలు మచ్చలుగా వస్తుంది. ప్రొజెక్షన్ యూటీఎం 44 ఉత్తర మండలం, కోడ్ 32644. గుంటూరు, పల్నాడు, ఎన్టీఆర్ జిల్లాలన్నీ ఇందులోకే వస్తాయి.

ఇక్కడే పెద్ద గుంట ఒకటుంది. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 విలువలకు 1000 కలిపి ఇస్తున్నారు. ఫైలు పేరులో ఎన్0400 గానీ అంతకన్నా పెద్ద సంఖ్య గానీ ఉంటే, ప్రతి బ్యాండులోంచీ 1000 తీసేసి 10,000తో భాగించాలి. ఎందుకో ఒక లెక్కలో చూడండి. ఇనుప ఆక్సైడును పట్టడానికి బి4ను బి2తో భాగిస్తాం. ఒక పిక్సెల్‌లో బి4 విలువ 2600, బి2 విలువ 1900 అనుకుందాం. అలాగే భాగిస్తే 1.37. వెయ్యేసి తీసి భాగిస్తే 1600 ÷ 900, అంటే 1.78. మొదటి లెక్కలో అది మామూలు నేల, రెండో లెక్కలో ఇనుప ఆక్సైడు. గుణకం ఏదైనా నిష్పత్తిలో కొట్టుకుపోతుంది గానీ, కలిపిన సంఖ్య కొట్టుకుపోదు. ఎర్త్ ఇంజిన్‌లో 'హార్మనైజ్డ్' అని ఉన్న సేకరణ వాడితే ఈ వెయ్యి అక్కడే తీసేసి ఉంటుంది. మళ్లీ మీరు తీస్తే నీడల్లో విలువలు సున్నా కిందికి పోతాయి.

ఆస్టర్ 07 ఎక్స్‌టీ విలువలను 0.001తో గుణిస్తే చాలు. 15 మీటర్ల బ్యాండ్లను 30 మీటర్లకు తెచ్చుకోండి.

కానివాటిని కప్పేయడం

ఈ అడుగు తొందరగా దాటేస్తే మిగతా పనంతా వృథా. పచ్చని ఆకులో నీరుంటుంది, ఆ నీరు బి12ను బి11 కన్నా ఎక్కువగా తగ్గిస్తుంది. బంకమన్ను చేసేదీ అదే. అందుకే మాస్కు వేయకుండా, అంటే పచ్చదనాన్ని కప్పేయకుండా, బంకమన్ను పటం గీస్తే నాగార్జునసాగర్ కాలువ కింది పొలాలన్నీ గనుల్లా మెరుస్తాయి.

పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ లెక్కించండి: బి8లోంచి బి4 తీసేసి, ఆ రెంటి మొత్తంతో భాగించాలి. ఎడారుల్లో 0.2 దగ్గర గీత గీసి, అంతకు మించినవి తీసేస్తారు. వినుకొండ వైపు చిట్టడవి కొండలకు అది మరీ కఠినం, రాయి కనిపించే చోట్లు కూడా పోతాయి. 0.30 దగ్గర మొదలుపెట్టి, ఎంత నేల మిగిలిందో చూసి సర్దుకోండి. మిగిలింది మొత్తంలో పదో వంతు కన్నా తక్కువైతే మీ చిత్రం తేదీ సరైనది కాదు. ఏప్రిల్ చివరిది వెతకండి.

తర్వాత నీడలు. బి8ఏ పరావర్తనం 0.10 కన్నా తక్కువున్న పిక్సెళ్లను తీసేయండి, చెరువులూ వాటితోపాటే పోతాయి. మబ్బులకు చిత్రంతో వచ్చే వర్గీకరణ పొరలో 3, 8, 9, 10 సంఖ్యలను తీసేస్తే సరి. కానీ ఒకసారి కళ్లతో చూడండి, తెల్లటి క్వారీ గుంటలను అది అప్పుడప్పుడు మబ్బు అంటుంది.

ఇక నల్లరేగడి. ఇది మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు. రేగడి నేల నిండా స్మెక్టైట్ బంకమన్నే, దానికి సరిగ్గా 2.2 మైక్రాన్ల దగ్గరే శోషణ ఉంటుంది, అంటే అక్కడి వెలుతురును మింగేస్తుంది. మారిన రాతిలోని సెరిసైటుకూ అక్కడే. వేసవిలో దున్ని వదిలేసిన రేగడి చేను ఎన్‌డీవీఐ మాస్కుకు దొరకదు, ఖనిజ పటంలో మాత్రం ఎకరాలకెకరాలు వెలుగుతుంది. దీనికో ఉపాయం ఉంది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఉన్న చిత్రాలన్నిటిలో ఒక్కో పిక్సెల్‌కు వచ్చిన అత్యధిక ఎన్‌డీవీఐ తీయండి. మబ్బుకు ఎన్‌డీవీఐ తక్కువే కాబట్టి, అత్యధికం తీస్తే మబ్బుల గొడవ దానంతటదే తీరిపోతుంది. అది 0.5 దాటి, ఏప్రిల్‌లో 0.25 కన్నా తక్కువుంటే అక్కడ పంట వేసి కోశారన్నమాట. అయితే ఆకురాల్చే చెట్లున్న కొండ కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. అందుకని కోపర్నికస్ 30 మీటర్ల ఎత్తుల పటం నుంచి వాలు తీసి, వాలు 3 డిగ్రీల కన్నా తక్కువున్న చోట మాత్రమే ఈ నియమంతో తీసేయండి. పొలాలు పోతాయి, కొండలు మిగులుతాయి.

ఊళ్లు, రేకుల షెడ్లు, కోల్డ్ స్టోరేజీలు, సిమెంటు ఫ్యాక్టరీలు చేత్తోనే గీసి తీసేయండి. 25 కిలోమీటర్ల చదరానికి ఒక పూట పని. ఆటోమేటిక్ పద్ధతులకు ఊరి ఎర్రమట్టి బాటకూ గాసన్‌కూ (లోహపు రాతి మీద ఏర్పడే ఇనుప తుప్పు పొర) తేడా తెలియదు.

సెంటినెల్ నిష్పత్తులు

మూడు చాలు.

ఇనుప ఆక్సైడుకు బి4 ÷ బి2. హెమటైట్, గోథైట్ నీలాన్ని మింగి ఎరుపును వదులుతాయి.

బంకమన్ను, అభ్రకం, కొంతమేర కార్బొనేటుకు (సున్నపురాయి, డోలమైటు) బి11 ÷ బి12. మన ప్రాంతంలో బీడు నేల సుమారు 1.1 నుంచి 1.3 మధ్య ఉంటుంది. 1.6 దాటిన పిక్సెళ్లు కనిపిస్తే ముందు ఎన్‌డీవీఐ మాస్కును అనుమానించండి, అది చాలాసార్లు పచ్చదనమే. ఎండు గడ్డి కూడా ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. దానిలోని సెల్యులోజ్, లిగ్నిన్లకు 2.1, 2.3 మైక్రాన్ల దగ్గర శోషణ ఉంటుంది, ఎన్‌డీవీఐకి మాత్రం అది కనిపించదు.

మూడోది బి11 ÷ బి8ఏ. గాసన్ ఉన్నచోట మొదటిదీ ఇదీ కలిసి పెరుగుతాయి.

మూడింటినీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకిచ్చి ఒకే చిత్రంగా చూడండి. ఒంటరిగా ఒక నిష్పత్తి చూస్తూ కూర్చుంటే కన్ను మోసపోతుంది.

సెంటినెల్‌తో ఇంతకు మించి ఆశించకండి. దాని బి12 దాదాపు 2.1 నుంచి 2.29 మైక్రాన్ల దాకా పరచుకున్న వెడల్పు బ్యాండు. డోలమైటు శోషణ 2.32 దగ్గర, కాల్సైటుది 2.34 దగ్గర ఉంటాయి, రెండూ దానికి బయటే. అంటే అగ్నిగుండాలలో అసలు ప్రశ్నకు సెంటినెల్ దగ్గర జవాబు లేదు. ఇనుము ఎక్కడుందో, రాయి ఎక్కడ బయటపడిందో అది చెబుతుంది. మిగతాది ఆస్టర్ చెప్పాలి.

ఆస్టర్ నిష్పత్తులు

సెరిసైట్, ఇల్లైట్, స్మెక్టైట్: (బి5 + బి7) ÷ బి6.
కయొలినైట్, అల్యునైట్: (బి4 + బి6) ÷ బి5.
కార్బొనేట్, క్లోరైట్, ఎపిడోట్: (బి7 + బి9) ÷ బి8.
డోలమైట్: (బి6 + బి8) ÷ బి7.

మొదటి సూత్రంలో రెండు బ్యాండ్లను కలిపి ఒకదానితో భాగిస్తున్నాం కాబట్టి మామూలు నేలకు విలువ 2 చుట్టూ వస్తుంది. 2.1 కూడా ఇక్కడ చెప్పుకోదగ్గ తేడానే. తెర మీద రంగుల పరిధిని 0 నుంచి 3 దాకా పెట్టి ఏమీ కనిపించడం లేదనుకోకండి, 1.95 నుంచి 2.2 మధ్యకు బిగించండి.

డోలమైటు సూత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది. ఆస్టర్ ఎనిమిదో బ్యాండు 2.295 నుంచి 2.365 దాకా ఉంటుంది, డోలమైటూ కాల్సైటూ రెండూ అందులోనే పడతాయి. కానీ డోలమైటు గుంట కాస్త ఎడమకు జరిగి ఉండటంతో దాని అంచు ఏడో బ్యాండును కొంచెం కిందికి లాగుతుంది. ఆ కొంచెం తేడానే ఈ సూత్రానికి ఆధారం. అందుకే ఇది బలహీనమైన సాక్షి. ముందు (బి7 + బి9) ÷ బి8తో కార్బొనేటు ఉన్న చోట్లు తేల్చుకుని, వాటి లోపల మాత్రమే డోలమైటు సూత్రాన్ని చూడండి. మాచర్ల, పిడుగురాళ్ల వైపు నాపరాళ్లు, సున్నపురాళ్లు ఉన్న చదరాన్ని కూడా ఒకటి తీసుకుని పోల్చండి. అక్కడ కార్బొనేటు సూత్రం వెలగాలి, డోలమైటుది వెలగకూడదు. రెండూ వెలిగితే మీ చిత్రంలో సర్దుబాటు ఎక్కడో తప్పింది.

ఆస్టర్ థర్మల్ బ్యాండ్లలో, అంటే నేల వేడిని చూసేవాటిలో, బి13 ÷ బి14 కూడా కార్బొనేటుకు గుర్తే. బి11ను దానితోనే గుణించి, బి10, బి12ల లబ్ధంతో భాగిస్తే క్వార్ట్‌జ్ ఎక్కువున్న చోట్లు తెలుస్తాయి. క్వార్ట్‌జ్‌కు షార్ట్‌వేవ్‌లో ఏ గుర్తూ లేదు కాబట్టి, సిలికా చొరబడిన రాతిని పట్టడానికి దారి ఇదొక్కటే. పిక్సెల్ మాత్రం 90 మీటర్లు. 20 మీటర్ల సిలికా నరం ఇందులో మునిగిపోతుంది. కొండ స్థాయిలో తేడా చెప్పడానికే దీన్ని వాడండి.

డోలమైటును ఖచ్చితంగా వేరు చేయాలంటే వందల బ్యాండ్లున్న చిత్రం కావాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద 2022 నుంచి ఉన్న ఎమిట్ పరికరానికి 285 బ్యాండ్లున్నాయి, పిక్సెల్ 60 మీటర్లు. ఎర్త్‌డేటాలోనే మీ చదరానికి చిత్రం ఉందేమో వెతకండి. మబ్బు లేనిది దొరికితే 2.32, 2.34ల తేడా నేరుగా కనిపిస్తుంది.

ప్రధాన అంశాల విశ్లేషణతో సరిచూడటం

నిష్పత్తులు చెప్పినదాన్ని మరో దారిలో నిర్ధారించుకోవాలి. దీన్ని క్రోస్టా పద్ధతి అంటారు. సెంటినెల్ బి2, బి8ఏ, బి11, బి12 నాలుగింటినే తీసుకుని ప్రధాన అంశాల విశ్లేషణ నడపండి. బ్యాండ్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్నీ, వాటి మధ్య తేడాలనూ ఇది వేరువేరు చిత్రాలుగా విడదీస్తుంది. క్యూజీఐఎస్‌లో సెమీ ఆటోమేటిక్ క్లాసిఫికేషన్ ప్లగిన్ ఈ పని చేస్తుంది. ఫలితంలో నాలుగు చిత్రాలు, ఒక పట్టిక వస్తాయి. చిత్రాల కన్నా ముందు పట్టిక చూడండి. బి11, బి12ల విలువలు రెండూ పెద్దవిగా ఉండి, గుర్తులు ఎదురెదురుగా ఉన్న వరుస ఏదో వెతకండి. ఉదాహరణకు నాలుగో వరుసలో బి2కు 0.05, బి8ఏకు −0.12, బి11కు 0.68, బి12కు −0.72 ఉంటే అదే మనకు కావాల్సింది, అందులో తెల్లగా కనిపించేది బంకమన్ను. బి11కు మైనస్ ఉండి బి12కు ప్లస్ ఉంటే చిత్రాన్ని −1తో గుణించండి. ఈ గుర్తు చూసుకోకుండా తెల్లగా ఉన్నదల్లా ఖనిజమనుకుంటే పటం మొత్తం తలకిందులవుతుంది.

మాస్కు వేశాకే ఈ విశ్లేషణ నడపాలి. కృష్ణా నదినీ పచ్చని చేలనూ కలిపి నడిపితే, ఉన్న తేడా అంతా నీటికీ పచ్చదనానికీ మధ్యే ఖర్చయిపోతుంది. ఖనిజాల వంతుకు నాలుగో చిత్రంలో ఇసుక చల్లినట్టు అర్థంలేని చుక్కలు తప్ప ఏమీ మిగలదు.

ఎక్కడ గీత గీయాలి

సగటుకు రెండు ప్రామాణిక విచలనాలు కలిపి గీత గీయమని అందరూ చెబుతారు. మాస్కు వేశాక మిగిలిన విలువలు చక్కగా గంట ఆకారంలో ఉండవు కాబట్టి, 98వ శాతకం దగ్గర, అంటే పై రెండు శాతం పిక్సెళ్లే మిగిలేలా, గీయడం మేలు. ఒకచోట నాలుగు పిక్సెళ్ల కన్నా తక్కువున్న మచ్చలను సీవ్ ఫిల్టరుతో తీసేయండి. తర్వాత ఆ గీతనే మంగళగిరి, ఇంద్రకీలాద్రి చదరానికి వేయండి. అక్కడ కూడా అంతే నేల వెలిగితే మీ పటం వేడి ద్రవాల మార్పును కాదు, వాతావరణానికి కుళ్లిన రాతిని చూపిస్తోంది. అప్పుడు బంకమన్ను పొరకు విలువ తగ్గించి, ఇనుము, కార్బొనేటు పొరల మీద ఆధారపడండి.

తప్పుడు వెలుగులు

మార్చిలో తీసిన చిత్రంలో బి4 ÷ బి2 వేస్తే గుంటూరు, పల్నాడు ఊళ్ల పక్కన చిన్న చిన్న ఎర్ర దీర్ఘచతురస్రాలు మెరుస్తాయి. అవి మిరప కల్లాలు. ఎండబెట్టిన మిరప నీలాన్ని మింగి ఎరుపును వదులుతుంది, హెమటైటు చేసే పనే. జూన్ మొదట్లో తీసిన చిత్రంతో పోల్చండి. కల్లం ఎత్తేస్తారు, కొండ మీది ఇనుము అక్కడే ఉంటుంది.

ఇటుక బట్టీలు, పెంకుటిళ్లు, గ్రావెల్ తవ్విన గుంటలు ఇనుముగా వెలుగుతాయి. పిడుగురాళ్ల సున్నం బట్టీల చుట్టూ పడిన దుమ్ము కార్బొనేటుగా వెలుగుతుంది, గాలివాటున అరకిలోమీటరు దాకా పాకి కూడా ఉంటుంది. వీటన్నిటికీ ఒకే పరీక్ష: మచ్చ అంచులు చూడండి. గీసినట్టు తిన్నగా ఉన్నా, బాటకు ఆనుకుని ఉన్నా అది మనుషుల పని. రాతి పొర వెంబడి వంగుతూ, వాగు దాటి మళ్లీ కనిపిస్తూ పోతే దాని వెంట పడండి.

బండలమొట్టు పాత గని దగ్గరి వ్యర్థ రాతి దిబ్బలను మాత్రం తీసేయకండి. డోలమైటు రాయి పగలగొట్టి పోసినవి కాబట్టి, పొదలు కమ్ముకోకపోతే కార్బొనేటు పటంలో అవి వెలగాలి. మీ లెక్క సరిగ్గా ఉందో లేదో చెప్పే తూకపురాయి అది.

భూగర్భ పటంతో కలపడం

భారత భూగర్భ సర్వే వారి భూకోశ్ పోర్టల్‌లో 1:50,000 భూగర్భ పటం పొరలు దొరుకుతాయి. డోలమైట్, క్వార్ట్‌జైట్, ఫిల్లైట్ పొరలను మీ పటం మీద పరచండి. ఎత్తుల పటం నుంచి నాలుగు దిక్కుల వెలుతురుతో హిల్‌షేడ్ (కొండల వెలుగునీడల పటం) తీయండి: 315, 0, 45, 90 డిగ్రీలు. ఒకే దిక్కు వెలుతురు వేస్తే ఆ దిక్కుకు సమాంతరంగా ఉన్న పగుళ్లు కనిపించకుండా పోతాయి. అదే పోర్టల్‌లో వాగు ఇసుకల రసాయన విశ్లేషణ కూడా ఉంటుంది, సీసం, రాగి, జింకు నిలువు వరుసలు చూడండి. ఒక వాగు నమూనాలో సీసం ఎక్కువుంటే మూలం ఆ వాగుకు ఎగువనే ఉంటుంది. పటంలో చుక్క ఉన్నచోట గొయ్యి తవ్వాలని కాదు.

మార్కులు వేసుకోవడం సులువు పద్ధతి. డోలమైటు పొరలో ఉంటే 3, పగులుకు 200 మీటర్ల లోపు 2, ఇనుము 2, సిలికా 1, బంకమన్ను 1, ఎగువ వాగులో సీసం ఉంటే 3. బంకమన్నుకు ఒక్క మార్కే ఎందుకంటే మన వాతావరణంలో అది ఎక్కడైనా పుడుతుంది. 8 దాటిన చోట్లకే వెళ్లండి.

కొండ మీద

20 చోట్లు ఎంచుకోండి. పది ఎక్కువ మార్కులవి, ఐదు మధ్యస్థంవి, ఐదు అసలేమీ వెలగనివి. ఆ చివరి ఐదింటికి వెళ్లడం దండగ అనిపిస్తుంది. కానీ అక్కడ కూడా అదే ఎర్ర తుప్పు రాయి కనిపిస్తే మీ పటం ఏమీ చెప్పడం లేదని తేలేది వాటివల్లే.

సుత్తి, 10 రెట్లు పెద్దగా చూపే లెన్సు, 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చిన్న సీసాలో, మెరుగు లేని తెల్ల పింగాణీ పలక, అయస్కాంతం, మీ పటాన్ని ఫోనులో చూపే క్యూఫీల్డ్ యాప్ తీసుకెళ్లండి. ఆమ్లం చుక్క వేయగానే బుసబుసమంటే సున్నపురాయి. ఊరుకుని, రాతిని గీకి పొడి చేసి వేస్తే మెల్లగా బుడగలొస్తే డోలమైటు. పలక మీద ఎర్రగోధుమ గీత వస్తే హెమటైట్, పసుపుగోధుమ అయితే గోథైట్. ఆకుపచ్చ మరక మాలకైట్, అంటే దగ్గర్లో రాగి ఉంది. సీసపు ముడి ఖనిజం గెలీనా చేతిలోకి తీసుకోగానే బరువుకే తెలుస్తుంది, పగిలితే చదరపు ముక్కలుగా పగులుతుంది.

నమూనా తీసేటప్పుడు 20 మీటర్ల పరిధిలో ఐదారు చోట్ల చెక్కు తీసి, అన్నీ కలిపి 2 కిలోలు ఒక సంచిలో వేయండి. పిక్సెల్ సైజు అంతే కాబట్టి ఒక్క రాయి తెస్తే పోలిక కుదరదు. వాతావరణానికి గురైన పైచెక్కు వేరే సంచిలో పెట్టండి. ఉపగ్రహం చూసింది దాన్నే, లోపలి తాజా రాతిని కాదు. మొదటి సంచి లోహాల పరీక్షకు, రెండోది ఏ ఖనిజాలున్నాయో తేల్చే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్షకు.

రెంటచింతల ఎండల పేరు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, మే నెలలో పది గంటలకల్లా కొండ దిగేయాలి. పాత గని సొరంగాల్లోకి వెళ్లకండి, లోపల గాలి చెడి ఉంటుంది, పైకప్పు ఎప్పుడు ఊడుతుందో తెలియదు. సీసం దిబ్బల దగ్గర దుమ్ము రేపకండి, చేతులు కడగకుండా అన్నం తినకండి, ఆ రాళ్లు పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. రిజర్వు అడవిలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. పటం గీయడానికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు గానీ, గొయ్యి తవ్వడానికీ బోరు వేయడానికీ 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కింద హక్కు ఉండాలి.

తిరిగొచ్చాక 20 చోట్లకూ మీ పటం చెప్పినదీ, నేల మీద ఉన్నదీ పక్కపక్కన రాయండి. పది ఎక్కువ మార్కుల చోట్లలో ఐదింటి కన్నా తక్కువ నిజమైతే గీతను 98 నుంచి 99వ శాతకానికి జరపండి. తప్పుల్లో ఎక్కువ భాగం ఒకే కారణంతో వచ్చి ఉంటే, ఉదాహరణకు అన్నీ కొండ పాదాన పేరుకున్న ఎర్రమట్టి అయితే, గీత జరపడం వల్ల లాభం లేదు. వాలు 8 డిగ్రీల కన్నా తక్కువున్న చోట్ల ఇనుముకు మార్కులు తీసేసి, పటం మళ్లీ నడపండి. ప్రయోగశాల నుంచి సీసం, రాగి విలువలు వచ్చాక మార్కుల పట్టికను వాటితో పోల్చి సవరించండి. రెండో విడత చోట్లను ఆ సవరించిన పటం నుంచే ఎంచుకోండి.